ఫోన్ ఆగినా దడ ఆగడం లేదు

ప్రశ్న: నా వయసు 46. మాది గంజాం జిల్లా బరంపురం. మా ఆయన, పెద్దబ్బాయి సూరత్‌లో పవర్‌లూమ్ పనిలో ఉన్నారు. రెండేళ్ళ క్రితం ఒక అర్ధరాత్రి ఫోన్ వచ్చింది. అబ్బాయి చెయ్యి మగ్గంలో పడి రెండు వేళ్ళు నలిగాయని చెప్పారు. వాడు కోలుకుని మళ్ళీ పనికి వెళ్తున్నాడు. నాకు మాత్రం అప్పటి నుంచి రాత్రిపూట ఫోన్ మోగితే చాలు, గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, నోరు పిడచకట్టుకుపోతుంది, వెంటనే బాత్రూంకి పరుగెత్తాల్సి వస్తుంది. రాంగ్ నంబరని తెలిశాక కూడా గంటసేపు ఒళ్ళు సర్దుకోదు. బజారులో ఎవరి ఫోనైనా అదే పాటతో మోగినా ఇదే పరిస్థితి. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ చూసి "ఏమీ లేదు, టెన్షన్" అన్నారు. మా అత్తగారు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. పళ్ళకు గుడాకు పెట్టుకుంటే కాస్త నెమ్మదిస్తుంది. నెలసరి కూడా ఈమధ్య క్రమం తప్పుతోంది. ఏమీ లేకపోతే ఇంత దడ ఎక్కడిది? ఇలాగే ఉంటే గుండె పాడవుతుందా? అడ్రినల్ గ్రంథులు అలసిపోయి ఉంటాయి, కార్టిసాల్ పరీక్ష చేయించుకోమని తెలిసినవారు ఒకరు అంటున్నారు. చేయించుకోవాలా?
– ఒక సోదరి, బరంపురం

సమాధానం: అమ్మా, "ఏమీ లేకపోతే ఇంత దడ ఎక్కడిది" అన్న మీ ప్రశ్న న్యాయమైనది. ఈసీజీ తీసిన ఆ పది సెకన్లలో గుండె లయ సక్రమంగా ఉందనీ, కండరమూ కవాటాలూ బాగున్నాయనీ, థైరాయిడ్ హద్దుల్లోనే ఉందనీ మీ దగ్గరున్న కాగితాలు చెబుతున్నాయి. అర్ధరాత్రి రెండు గంటలకు మీ ఒంట్లో ఏమీ జరగలేదని మాత్రం అవి చెప్పలేదు, చెప్పలేవు కూడా. "టెన్షన్" అన్న ఒక్క మాటతో పంపించేస్తే వైద్యుడికి సమయం కలిసివస్తుందేమో గాని, తన బాధ ఉత్త కల్పనేమోనన్న అనుమానం రోగికి మిగిలిపోతుంది. మీ దడ కల్పన కాదు. ఆ సమయంలో నాడి పట్టుకుని చూసినా, రక్తం తీసి పరీక్షించినా కొలతకు అందే మార్పులే మీలో జరుగుతున్నాయి. గుండెలో లోపం లేదు, పైనుంచి వచ్చిన ఆజ్ఞను అది పాటిస్తోంది. ఆ ఆజ్ఞ ఎక్కడ పుడుతోందో, రాంగ్ నంబరని తెలిశాక కూడా ఎందుకు వెనక్కి పోవడం లేదో చెబితే మీ మిగతా ప్రశ్నలకు కూడా దారి దొరుకుతుంది.

ఫోన్ మోత చెవినుంచి మెదడులోకి చేరాక ఒకే దారిన పోదు. "ఇది ఫోన్, ఇది ఫలానా పాట, బహుశా ఎవరో పొరపాటున చేసి ఉంటారు" అని వివరంగా పోల్చుకునే పని మెదడు పైపొరలది. దానికి కొంత వ్యవధి కావాలి. అదే శబ్దం తాలూకు ముతక సమాచారం కణత లోపలి భాగంలో ఉండే అమిగ్డలా అనే చిన్న నాడీకణ సముదాయానికి కూడా వెళుతుంది. ఇది ప్రమాదమా కాదా అన్నది తేల్చడంలో అమిగ్డలా నిదానంగా ఆలోచించదు, పాత అనుభవంతో సరిచూసి ఊరుకుంటుంది. రెండేళ్ళ క్రితం నాటి రాత్రి ఆ పాట, ఆ చీకటి, ఆ కబురు మూడూ ఒకదానితో ఒకటి ముడిపడిపోయాయి. తీవ్రమైన భయంలో విడుదలయ్యే హార్మోన్లే ఆ క్షణపు జ్ఞాపకాన్ని మరింత గట్టిగా నాటుతాయి కాబట్టి, మామూలు రోజు వచ్చిన ఫోన్లు మరిచిపోయినా ఆ ఒక్క ఫోన్ మాత్రం మీలో అలాగే ఉండిపోయింది. పట్టపగలు బజారులో కూరగాయలు ఏరుకుంటూ ఉండగా పక్కవారి జేబులో అదే పాట వినిపిస్తే మీ ఒళ్ళు ఝల్లుమనడానికి కారణం ఇదే. అది ఎవరి ఫోనో మీ ఆలోచనకు తెలుస్తుంది, కానీ ఆ సంగతి అందేలోపే అమిగ్డలా తన పని చేసేసి ఉంటుంది.

అమిగ్డలా నుంచి వార్త మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌కు చేరుతుంది. అక్కడి నుంచి రెండు మార్గాలు బయలుదేరతాయి. మొదటిది నాడుల మార్గం. వెన్నుపాము నుంచి వచ్చే సింపథెటిక్ నాడులు కొద్ది సెకన్లలోనే గుండె వేగాన్ని పెంచుతాయి. వాటిలో ఒక శాఖ సరాసరి మూత్రపిండాల పైన టోపీలా కూర్చున్న అడ్రినల్ గ్రంథుల లోపలి భాగానికి వెళ్ళి, అక్కడి కణాల చేత అడ్రినలిన్‌ను, దానితోపాటు కొంత నారడ్రినలిన్‌ను రక్తంలోకి వదిలిస్తుంది. మీరు రాసిన లక్షణాలన్నీ దాదాపుగా ఈ ఒక్క మార్గంలోనే ఉన్నాయి. కండరాలకు రక్తం ఎక్కువగా పంపడానికి గుండె వేగంగా, బలంగా కొట్టుకుంటుంది. చర్మానికీ పేగులకూ వెళ్ళే రక్తం తగ్గిపోవడంతో అరచేతులు చల్లబడతాయి, అదే సమయంలో ముచ్చెమటలు కూడా పోస్తాయి. లాలాజలం తగ్గి నోరు ఎండిపోతుంది. కాలేయం తన దగ్గరున్న నిల్వ నుంచి చక్కెరను రక్తంలోకి వదులుతుంది. కండరాలు పరుగుకు సిద్ధమై, పరుగెత్తే పని లేకపోవడంతో వణుకుతాయి. జీర్ణాశయం నెమ్మదించినా పెద్దపేగు మాత్రం వేగం పుంజుకుంటుంది. బాత్రూంకి పరుగు అందుకే. దీన్ని చాలామంది ఆడవారు సిగ్గుతో డాక్టరుకు చెప్పరు. మీరు దాచకుండా రాయడం మంచిదైంది.

ఆపద ఎదురైనప్పుడు శరీరం పోరాటానికో పలాయనానికో ఇలా సిద్ధపడుతుందని ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో వివరించినవాడు హార్వర్డ్ వైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడుగా పనిచేసిన వాల్టర్ కానన్. అదే కళాశాలలో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు, సైరస్ ఫిస్కేతో కలిసి, కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని 1927లో వెల్లడించారు. ఎవరైనా ఉలిక్కిపడి లేచి పరుగందుకుంటే ఆ మొదటి కొద్ది సెకన్లకు కండరానికి శక్తిని సమకూర్చేది అదే. భయం మనసుకు సంబంధించిన విషయమేనని కొట్టిపారేసేవారికి, ఆ భయం కండరంలోని రసాయనం దాకా దిగుతుందని చెప్పడానికి మనవాడి పేరు ఒకటి తోడు ఉందని గుర్తుచేయాలనిపించింది.

రెండవ మార్గం నెమ్మదైనది. మీ గంటసేపటి బాధ కొంతవరకు ఇక్కడ అర్థమవుతుంది. హైపోథాలమస్ సీఆర్‌హెచ్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. అది సన్నని రక్తనాళాల గుండా కిందనే ఉన్న పిట్యూటరీ గ్రంథిని చేరి ఏసీటీహెచ్ అనే మరో హార్మోనును రక్తంలోకి వదిలిస్తుంది. ఏసీటీహెచ్ ఒళ్ళంతా తిరిగి అడ్రినల్ గ్రంథుల వెలుపలి పొరను చేరినప్పుడు అక్కడ కార్టిసాల్ తయారవుతుంది. ఇన్ని మజిలీలు ఉండడం వల్ల ఫోన్ మోగిన క్షణంలో కార్టిసాల్ పెరగదు. కొన్ని నిమిషాలకు మొదలై ఇరవై ముప్ఫై నిమిషాలకు గరిష్ఠానికి వస్తుంది. రక్తంలో అడ్రినలిన్ రెండు మూడు నిమిషాలకే సగానికి తగ్గిపోతుంది గాని, కార్టిసాల్ సగానికి తగ్గడానికి గంటో గంటన్నరో పడుతుంది. అంటే మీరు ఫోన్ ఎత్తి, అవతలివాడు ఎవరినో అడిగి, "రాంగ్ నంబర్" అని పెట్టేసి, హమ్మయ్య అనుకుని మంచం మీద కూర్చునే సమయానికి మీ కార్టిసాల్ ఇంకా పైకి ఎక్కుతూనే ఉంటుంది. పొయ్యి కట్టేసిన తరువాత కూడా ఎసరు కాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది కదా. ప్రమాదం లేదన్న తెలివిడి పొయ్యిని ఆర్పగలదు గాని, అప్పటికే రక్తంలో కలిసిన హార్మోనును వెనక్కి తీసుకోలేదు.

దీనికి తోడు ఇంకొకటి జరుగుతుంది. నా ఉద్దేశంలో మీ విషయంలో అసలు కీలకం ఇదే. ఫోన్ పెట్టేసి పది నిమిషాలైనా దడ తగ్గకపోయేసరికి "ఇదేమిటి, ఇంకా తగ్గలేదే, గుండెకే ఏమైనా అవుతోందా" అన్న ఆలోచన వస్తుంది. చేయి ఛాతీ మీదికి వెళ్తుంది. నాడి లెక్కపెట్టడం మొదలవుతుంది. అమిగ్డలాకు సంబంధించినంతవరకు ఇది రెండవ ఆపద. అది మళ్ళీ అదే ఆజ్ఞ ఇస్తుంది. అడ్రినలిన్ మళ్ళీ విడుదలవుతుంది, దడ పెరుగుతుంది, దడ పెరిగింది గనుక భయం పెరుగుతుంది. ఫోన్ వల్ల కలిగిన దడ పావుగంటలోనో అరగంటలోనో చాలావరకు చల్లబడవలసినది, దడ వల్ల కలిగిన దడతో కలిసి గంటకు సాగుతోంది. అందువల్ల ఆ సమయంలో బీపీ మిషన్ కట్టుకుని చూసుకోవడం, నాడి పట్టుకోవడం మానండి. ఆ సమయంలో అంకె ఎలాగూ ఎక్కువే వస్తుంది, ఆ అంకె చూసి మరింత భయపడతారు.

కార్టిసాల్ అనగానే శత్రువుగా చూడడం ఈమధ్య అలవాటైపోయింది. పస్తున్నప్పుడు రక్తంలో చక్కెరను నిలబెట్టేది, రక్తపోటు పడిపోకుండా కాచేది, గాయమైనప్పుడు వాపును అదుపులో ఉంచేది అదే. ప్రతి ఉదయం మనం నిద్రలేచిన అరగంట, ముప్పావుగంటకు అది సహజంగానే బాగా పెరుగుతుంది, అర్ధరాత్రి ప్రాంతంలో అతి తక్కువగా ఉంటుంది. తగినంత పెరిగాక హైపోథాలమస్‌కూ పిట్యూటరీకీ తానే తిరిగి కబురు పంపి తన ఉత్పత్తిని తానే ఆపించుకుంటుంది. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుపాను తీరం దాటినప్పుడు మీ జిల్లాలో కంటిమీద కునుకు వేసినవారు తక్కువే. పిల్లల్నీ ముసలివారినీ తుపాను ఆశ్రయాలకు చేర్చినవారు తిండీ నిద్రా లేకుండా తెల్లవార్లూ నిలబడగలిగారంటే ఈ వ్యవస్థ తోడుగా ఉండబట్టే. అది ఒక్క రాత్రికోసం ఏర్పడినది. వారానికి నాలుగు రాత్రులు రాంగ్ నంబర్లకు కూడా దాన్నే లేపుతూ ఉంటే నిద్ర చెడుతుంది, నిద్ర చెడినవారిలో మర్నాడు అదే వ్యవస్థ మరింత సులువుగా రేగుతుంది. చికిత్స అవసరమైనది ఈ చక్రానికే.

అడ్రినల్ గ్రంథులు "అలసిపోవడం" అన్న మాటను మీరు నమ్మవలసిన పని లేదు. 1936లో హాన్స్ సెల్యే ఎలుకలను దీర్ఘకాలం బాధకు గురిచేసినప్పుడు వాటి అడ్రినల్ గ్రంథులు ఉబ్బి పెద్దవయ్యాయే గాని, కుంచించుకుపోలేదు. అడ్రినల్ గ్రంథులు నిజంగా పనిచేయకపోయే జబ్బు ఒకటుంది, దానిని ఆడిసన్ వ్యాధి అంటారు. మన దేశంలో దానికి క్షయ ఒక ముఖ్య కారణం. అందులో బరువు తగ్గిపోవడం, రక్తపోటు పడిపోవడం, వాంతులు, చర్మమూ చిగుళ్ళూ నల్లబడడం కనిపిస్తాయి. మీరు రాసినవాటిలో అవేవీ లేవు. కార్టిసాల్ గంటగంటకూ మారుతుంది కాబట్టి ఏదో ఒక వేళప్పుడు తీసిన రక్తంలోని అంకెతో మీ ప్రశ్నకు జవాబు దొరకదు. ఆ డబ్బు ఉంచుకోండి.

గుండె సంగతి. ఆరోగ్యంగా ఉన్న గుండెకు అప్పుడప్పుడు వచ్చే ఇలాంటి దడ హాని చేయదు, మెట్లెక్కినప్పుడు అది పడే శ్రమ లాంటిదే ఇదీ. అయితే ఏళ్ళ తరబడి సాగే మానసిక ఒత్తిడిని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. 52 దేశాలలో గుండెపోటు వచ్చినవారిని పరిశీలించి 2004లో ప్రచురించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో ప్రధాన కారణాల జాబితాలో అది కూడా ఉంది. కానీ అదే జాబితాలో అన్నింటికంటే పైన ఉన్న రెండింటిలో ఒకటి పొగతాగడం. ఆ పరిశోధకులే తరువాత నమిలే పొగాకును కూడా విడిగా చూసి, దానికీ గుండెపోటుకూ సంబంధం ఉందని తేల్చారు. అందుకే మీ ఉత్తరంలో దడ కంటే నన్ను ఎక్కువగా ఆపింది గుడాకు గురించిన వాక్యం.

గుడాకు పళ్ళపొడి కాదు, బెల్లపు మడ్డితో కలిపిన పొగాకు. అందులోని నికోటిన్ చిగుళ్ళ గుండా రక్తంలోకి చేరి, సింపథెటిక్ నాడి అడ్రినల్ గ్రంథి కణాలను ఏ ద్వారం తట్టి లేపుతుందో సరిగ్గా అదే ద్వారాన్ని తట్టి అడ్రినలిన్‌ను విడుదల చేయిస్తుంది. అంటే దడ తగ్గడానికి మీరు వాడుతున్నది దడ పుట్టించే హార్మోనును పెంచేదే. మరి నెమ్మదిస్తున్నట్టు ఎందుకనిపిస్తుందంటే, అలవాటుపడిన ఒంట్లో నికోటిన్ తగ్గినప్పుడు కలిగే చిరాకు, అశాంతి అది అందగానే తీరుతాయి. ఆ తీరడాన్నే మనం ప్రశాంతత అనుకుంటాం. ఒక్కసారిగా మానలేకపోతే ముందు సాయంత్రం తరువాత పెట్టుకునేదాన్ని, రాత్రి దడ వచ్చినప్పుడు పెట్టుకునేదాన్ని మానండి. మొదటి రెండు మూడు వారాలు చిరాకు పెరుగుతుంది, అది తగ్గిపోతుంది. సాయం కావాలంటే పొగాకు మానేవారి కోసం ప్రభుత్వం నడిపే 1800 112 356 నంబరుకు డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడవచ్చు. సాయంత్రం ఐదు దాటాక టీ కూడా వద్దు, అందులోని కెఫీన్ సగానికి తగ్గడానికే అయిదు గంటల దాకా పడుతుంది.

ఇక దడ వచ్చిన రాత్రి ఏం చేయాలంటే, ముందు పడుకునే ప్రయత్నం మానండి. శరీరం నడవడానికి చక్కెరను సిద్ధం చేసి పెట్టింది కాబట్టి లేచి వసారాలో పది నిమిషాలు నెమ్మదిగా నడవండి. తరువాత కూర్చుని, లెక్క నాలుగు దాకా గాలి పీల్చి, ఆరు దాకా నెమ్మదిగా వదలండి. గాలి వదిలేటప్పుడు వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె వేగం కొద్దిగా తగ్గుతుంది. ఇందులో మహిమ లేదు, నాడి మీద వేలు పెట్టి చూసే ఎవరికైనా తెలుస్తుంది, అయినా మీరు మాత్రం వేలు పెట్టకండి. దడ వెంటనే పోవాలని ఆశించవద్దు. "ఇది ముప్పావుగంట ఉంటుంది, పోతుంది" అని ముందే అనుకుని ఉంటే రెండవ విడత భయం మొదలు కాదు.

ఫోన్ సంగతి పగలే సరిచేయాలి. మీ ఆయనకూ అబ్బాయికీ, వారితో ఉండే ఒక నమ్మకమైన వ్యక్తికీ మాత్రం రాత్రి మోగేలా పెట్టి, మిగతా నంబర్లన్నీ నిశ్శబ్దంగా ఉండేలా చేయమని ఇంట్లో చిన్నవారికి చెప్పండి. రాంగ్ నంబర్ల బెడద అక్కడితో తీరుతుంది. షిఫ్టు మారే వేళ చూసుకుని రోజూ ఒకే సమయానికి మాట్లాడుకోండి. పాత పాటను తీసేసి కొత్తది పెట్టడం మంచిదే గాని, పాత పాటకు భయపడుతూ ఉండిపోవడం మంచిది కాదు. పగటిపూట, ఇంట్లో మనుషులు ఉన్నప్పుడు ఆ పాటను మీరే మోగించుకుని, చివరిదాకా వినండి. మొదట చిన్నగా, తరువాత పెద్దగా, దడ వచ్చినా ఆపకుండా, అది సగానికి తగ్గేదాకా. ఇలా రోజూ చేస్తూ ఉంటే పాత ముడి తెగిపోదు గాని, "ఈ పాట తరువాత ఏమీ జరగదు" అన్న కొత్త పాఠం దాని పక్కన చేరి బలపడుతుంది. మానసిక వైద్యులు చేయించేది కూడా దాదాపు ఇదే, అయితే వారు ఇంకా జాగ్రత్తగా, అంచెలవారీగా చేయిస్తారు. ఆ రాత్రి గురించిన పీడకలలు వస్తున్నా, సూరత్ మాట ఎత్తితేనే లేచి వెళ్ళిపోవాలనిపిస్తున్నా, మీరొక్కరే దీన్ని మొదలుపెట్టకుండా వారి దగ్గరకే వెళ్ళండి.

మీ అత్తగారు కట్టించిన తాయెత్తు గురించి ఇంట్లో తగువు పెట్టుకోకండి. దానివల్ల హాని లేదు, పరీక్షలను అది ఆపనంతవరకు. నెలసరి క్రమం తప్పుతోందన్నారు. మీ వయసులో ఆ మార్పు వల్లే ఫోన్ మోగకుండా కూడా రాత్రిళ్ళు ఒళ్ళు వేడెక్కి, చెమటలు పట్టి, దడ రావచ్చు. కాబట్టి స్త్రీ వైద్యురాలిని ఒకసారి కలవండి, రక్తహీనత ఉందేమో కూడా చూడమనండి. మందుల దుకాణంలో అడిగి ఆందోళనకు వాడే అల్ప్రజోలం మాత్రలు తెచ్చుకోవడం మాత్రం వద్దే వద్దు, కొద్ది వారాలకే ఒళ్ళు దానికి అలవాటు పడుతుంది. అడ్రినలిన్ పనిని గుండె దగ్గర అడ్డుకునే ప్రొప్రనొలాల్ వంటి మందులు ఉన్నాయి, అవి వణుకునూ దడనూ తగ్గిస్తాయి. ఆస్తమా ఉన్నవారికి అవి ప్రమాదం కనుక డాక్టరు రాసిస్తేనే వాడాలి.

ఛాతీలో బరువుగా నొప్పి వచ్చి ఎడమ చేతికో దవడకో పాకినా, కళ్ళు తిరిగి పడిపోయినా, కూర్చుని ఉండగా ఏ కారణమూ లేకుండా గుండె గతి తప్పినట్టు కొట్టుకున్నా, తలనొప్పి, చెమట, దడ మూడూ కలిసి వచ్చి బీపీ విపరీతంగా పెరిగినా ఇది మామూలు దడే అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. అంత అవసరం లేని మామూలు రోజుల్లో, మీ ఊళ్ళోనే ఉన్న ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి పగటిపూట వెళ్ళవచ్చు. అంతదాకా ఎందుకని సంకోచమైతే ముందు 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వపు టెలిమానస్ సేవ, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడేవారు దొరుకుతారు. వెళ్ళేటప్పుడు ఈసీజీ, ఎకో కాగితాలతోపాటు, ఒక రెండు వారాల పాటు దడ ఏ రాత్రి ఏ సమయానికి వచ్చింది, ఫోన్ మోగిందా లేదా, అంతకుముందు టీగాని గుడాకుగాని తీసుకున్నారా, ఎంతసేపటికి తగ్గింది అన్నవి ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి. వైద్యుడు మొదట అడిగేవి అవే.